పక్క బల్ల మీంచి దిగిన మనిషి

మొన్న మా అపార్ట్‌మెంటు డాబా మీద పరచడానికి పలకలు చూద్దామని విశాఖపట్నంలో ఒక షోరూముకి వెళ్ళాను. ఒకప్పుడు నాకు చోడవరంలో హార్డ్‌వేర్ కొట్టుండేదని తెలిసి అసోసియేషన్ వాళ్ళు నన్నే పంపారు. ఏసీ గదిలో పలకలన్నీ గోడకి వరసగా నిలబెట్టి ఉన్నాయి. రంపంపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి అచ్చుపోసినవట. "ఎండకి వంగదు సార్, వానకి ఉబ్బదు, సముద్రం గాలికి కూడా ఏమీ కాదు, చెద దగ్గరికే రాదు" అని సేల్స్‌మన్ ఏకరువు పెడుతున్నాడు. నేను ఒక పలక తీసుకుని నడిమి వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి చెవికి ఆనించుకున్నాను. తర్వాత కోసిన అంచు ఎక్కడుందో వెతికి, నాలుకతో తడిపి, గోరుతో నొక్కి చూశాను.

"సార్, ఏం చేస్తున్నారు?" అన్నాడతను.

ఏం చేస్తున్నానో అప్పుడు నాకూ తెలిసింది. ఆ కొట్టడం నాది కాదు, ఆ నాకడమూ నాది కాదు. రెండూ చోడవరంలో చచ్చిపోయిన ఒక వడ్రంగి మేస్త్రివి. ఆయన పేరు రాయను. రాస్తే మా ఊరివాళ్ళు మళ్ళీ తిట్టడం మొదలెడతారు, ఆయన్ని తిట్టడానికి నాకున్నంత హక్కు వాళ్ళకి లేదు.

ఆయన షెడ్డు దేవరాపల్లి వెళ్ళే రోడ్డు మొదట్లో ఉండేది. షెడ్డు రేకుల మీద ఎప్పుడు చూసినా కర్రముక్కలు పరిచి ఉండేవి. ఆరుబయట వాడే కర్ర ఏదైనా సరే, ముందు దాని ముక్క ఒకటి ఆ రేకుల మీదికి ఎక్కాల్సిందే. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడే పడుండాలి. మధ్యలో కొన్నాళ్ళు తడిపిన చెరకు పిప్పి కుప్పలో పాతిపెట్టేవాడు. దాన్నంతటినీ ఆయన జైలనేవాడు. శిక్ష పూర్తయ్యాక ముక్కని దింపి, వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, కుడిచెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు రెండు మాటల్లో ఏదో ఒకటి వచ్చేది. "బోలు" అన్నాడంటే ఆ కర్ర పొయ్యిలోకే. "పనికొస్తాది" అన్నాడంటే ఇక దాని గురించి ఎవరూ మాట్లాడనక్కర్లేదు. ఆ ఒక్క మాట కోసం చీడికాడ నుంచి, బుచ్చయ్యపేట నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారు.

ఆరుబయట కర్రతో అంత పనేముందని అడగొచ్చు. మా మెయిన్‌రోడ్డు కొట్లన్నిటి ముందూ నడుం లోతు మురుగుకాలవ. రాతిపలక వేస్తే పూడిక తీసేటప్పుడు లేపడం కష్టమని అందరం కర్రబల్లలే వేసేవాళ్ళం. ఒక్కో కొట్టుకి ఒక్కో బల్ల, కొనడానికి వచ్చినవాడు దాని మీద నడిచే లోపలికి రావాలి. పైన ఎండ, కింద మురుగు ఆవిరి, దసరా దీపావళి మధ్య తుఫాన్లు. మేస్త్రి ఎంచనిదైతే మంచి కర్ర కూడా నాలుగేళ్ళకి చేతులెత్తేసేది. ఆ బల్లకి ఏ కర్ర ఎంచాలన్నది మా ఊళ్ళో పెళ్ళి సంబంధం కన్నా పెద్ద విషయం.

మనిషి పొట్టి. చెవులు మాత్రం పెద్దవి. ఎడమచెవి మీద పెన్సిలుండేది, కుడిచెవి మీద ఏదీ పెట్టేవాడు కాదు, అది వినడానికట. కర్రల గురించి మనుషుల్లా మాట్లాడేవాడు. "మామిడి పెద్దమనిసి, తడిసీదాకే మర్యాద." "టేకుకి ఒళ్ళంతా పొగరు, గుమ్మానికెడితే బాగుంటాది, కాలికింద కాదు." మద్ది కర్రంటే ఒక్కదానికే కాస్త ముద్దు. "ఆడు గెడ్డ ఒడ్డున పుట్టిన గుంటడు, ఆడికి తడేటి కొత్త?" అనేవాడు. గెడ్డంటే మా వైపు వాగు, గుంటడంటే కుర్రాడు. మనుషుల గురించి మాత్రం కర్రల్లా మాట్లాడేవాడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

ఒకసారి బుచ్చయ్యపేట వైపు రైతు ఒకాయన దుంగ తెచ్చాడు. చనిపోయిన వాళ్ళ నాన్న నాటిన చెట్టట, తుఫానుకి పడిపోతే దాంతో ఇంటిముందు బల్ల చేయించుకుందామని ఆశ. "మా నాన్న గుర్తుగా ఉంటాది మేస్త్రి గారూ" అన్నాడు. మేస్త్రి దుంగ మీద కొట్టి విన్నాడు. ఊరుకుని వద్దంటే పోయేది. గొడ్డలి తెప్పించి ఒక్క దెబ్బకి రెండు ముక్కలు చేశాడు. లోపలంతా నల్లటి పొడి. "సూడు, మీ నాన్న నాటింది సెట్టు గాదు, పుట్టగొడుగు" అన్నాడు. ఆ రైతు అందరి ముందూ ఏడ్చాడు. మేస్త్రి బీడీ వెలిగించుకుని తర్వాతి బండిని పిలిచాడు.

ఇంకోసారి తన దగ్గర పనిచేసే వడ్రంగి, నలభై ఏళ్ళ సంసారి, బల్లలో కొంచెం లేతకర్ర కలిపాడని కనిపెట్టాడు. తిట్టలేదు. ఆ బల్లని రోడ్డు మీద ఎండలో వేయించి, "నువ్వు మెచ్చిన కర్రే గదా, కూకో" అని మధ్యాహ్నం దాకా దాని మీద కూర్చోబెట్టాడు. వైశాఖమాసం ఎండ. అతనూ కూర్చున్నాడు, ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడంటే జిల్లాలో ఎక్కడైనా పని దొరుకుతుంది మరి.

ఆయన భార్యకి ఎడమచెవి వినిపించదు. ఆమెకి ఏం చెప్పాలన్నా ఆ చెవి వైపే నిలబడి చెప్పేవాడు. ఆమెకి వినపడేది కాదు. అప్పుడు తీరిగ్గా తిట్టేవాడు. నేను ఇది ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. అంత కావాలని చేసే దుర్మార్గం నేను మరెక్కడా చూడలేదు.

ఊరంతా ఆయన్ని రాక్షసుడనేది. ఆయన చెప్పిన కర్ర తప్పిందని మాత్రం ఒక్కడూ అనలేకపోయాడు.

తొంభైల మొదట్లో మా నాన్న పోయాక కొట్టు నా చేతికొచ్చింది. నాకు అప్పటికి పాతికేళ్ళు దాటి ఉంటాయి. కొట్లో సగం నాది, ముందు సగంలో మా అప్ప కుట్టుమిషను. అప్పంటే మా వైపు అక్క. మొగుడు వదిలేసి పోయాక ఆ మిషను మీదే బతికింది, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. నాకేమో ఏదో కొత్తది చేసి చూపించాలని తహతహ. విశాఖపట్నంలో ఒక ఏజెంటు నాకు కొత్తరకం పలక చూపించాడు. రంపంపొట్టుని జిగురుతో కలిపి మిషన్లో నొక్కినది, పైన నున్నటి ప్లాస్టిక్ పొర. నీళ్ళు పోస్తే ముత్యాల్లా జారిపోయాయి. ఇక మా ఊళ్ళో కాలవబల్లలన్నీ ఇవే అనుకున్నాను. కానీ మేస్త్రి పనికొస్తాదనకుండా మా ఊళ్ళో ఎవడూ ఒక్క పలక కొనడు. ఒకటి చంకన పెట్టుకుని ఆయన షెడ్డుకి వెళ్ళాను.

"ఏట్రా ఇది?"

"కొత్త పలక మేస్త్రి గారూ. రంపంపొట్టు నొక్కి సేస్తారు. నీళ్ళు దిగవు."

"పొట్టా? నాను రోజూ తుడిసి పారేసీది అట్టుకొచ్చి నాకే అమ్ముతన్నావేటి?"

పనివాళ్ళంతా నవ్వారు. ఆయన రంపం తీసి ఒక మూల కోశాడు. కోసిన అంచుని నాలుకతో తడిపి గోరుతో నొక్కాడు. "సొక్కా బాగుంది. ఒళ్ళు సూడాల" అని ముక్కని రేకుల మీదికి విసిరేశాడు. "దసరా ఎల్లేక రా."

"అన్నాళ్ళు ఆగనేను మేస్త్రి గారూ, సరుకొచ్చేసింది. ఒక్క మాట సెప్పండి, పనికొస్తాదా రాదా?"

"జైలికి ముందు నాను మాటాడను. ఇంకోటి ఇను. నానొచ్చి సెప్పను. నువ్వొచ్చి అడగాల. ఏ రోజు అడిగితే ఆ రోజు ఉన్నదున్నట్టు సెప్తాను. అడగనోడికి సెప్పడం నా పని గాదు."

అది ఆయన పద్ధతి, అందరికీ తెలిసిందే. ముక్క ఇచ్చినవాడే వచ్చి, నిలబడి, అడగాలి. నేను అడగదలుచుకోలేదు. ఊరికి నా బల్ల చూపిస్తే ఊరే అడుగుతుందనుకున్నాను. మా నాన్న రోజుల్లో ఆ మేస్త్రే ఎంచి వేయించిన తాటిబల్ల మా కొట్టు ముందు ఇంకా గట్టిగానే ఉంది. దాన్ని తీయించి పెరట్లో పడేసి, నా కొత్త పలకలు వేయించాను. అద్దంలా మెరిశాయి. వచ్చేపోయేవాళ్ళు ఆగి చేత్తో నిమిరి చూసేవారు. అప్ప రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి చిన్న ముగ్గు పెట్టేది.

మేస్త్రి మేకులకో గరుకు కాగితానికో వారానికి రెండుసార్లయినా మా కొట్టుకి వచ్చేవాడు. మాకూ పక్కనున్న ఎరువుల కొట్టుకీ అరుగు ఒకటే. అంతకు ముందు మా బల్ల మీంచే ఎక్కేవాడు. కొత్త బల్ల వేశాక ఎరువుల కొట్టు బల్ల మీంచి ఎక్కి, అరుగంతా నడిచి మా దగ్గరికి వచ్చేవాడు. దిగేటప్పుడూ అంతే. ఒకరోజు అప్ప అడగనే అడిగింది.

"మావయ్యా, మా బల్లమీద కాలెట్టవేటి? జారిపోతాదనా?"

ఆయన మిషను తొక్కుతున్న అప్ప కాలు వంక చూశాడు. "నీ మిసను బాగా తిరుగుతంది గదమ్మా?" అన్నాడు. మేకులు జేబులో వేసుకుని మళ్ళీ పక్క బల్ల మీంచే దిగి వెళ్ళిపోయాడు.

"మన బాగు సూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటన్నాడే అప్పా" అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఇంకెవరో కాదు.

దసరాకి ఇంకా పదిరోజులుంది. రెండు రోజులు ముసురు పట్టి ఆ పొద్దున్నే తెరిపిచ్చింది. అప్ప పండగ జాకెట్ల మూట పట్టుకుని వచ్చి బల్ల మీద కాలేసింది. విరిగిన చప్పుడు కూడా రాలేదు. పైన ప్లాస్టిక్ పొర మెరుస్తూనే ఉంది, కింద పలకంతా టీలో నానిన రస్కులా అయిపోయింది. కుడికాలు తొడదాకా దిగిపోయి, కాలవ గోడకీ బల్ల కింద ఇనుప కమ్మీకీ మధ్య ఇరుక్కుంది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి మూట నెత్తిమీదికెత్తి పట్టుకుని ఉంది. "జాకెట్లు తడవనేదు గదరా?" అన్నది ముందు. తర్వాత కేకలు పెట్టింది.

ఎముక అతుక్కుంది. చీలమండ మాత్రం వంగడం మానేసింది. కుట్టుమిషను తొక్కడానికి చీలమండే కదా కావాలి. తర్వాత మిషనుకి మోటారు పెట్టించాను. కరెంటున్నంతసేపూ కుట్టేది, పోయినప్పుడల్లా చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చునేది. ఆ రోజుల్లో మా ఊళ్ళో కరెంటు ఎంతసేపుండేదో ఆ రోజులవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

అప్పని ఆసుపత్రిలో చేర్పించి తిరిగొచ్చిన రోజునే నేను మేస్త్రి షెడ్డుకి వెళ్ళాను. నా ముక్క రేకుల మీద లేదు. ఆయన లోపల్నుంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పిసికితే పొడిపొడిగా రాలింది.

"ఇది ఆషాఢంలోనే పోయింది. మొదటి వానకే కోసిన అంచు నీరు తాగీసింది" అన్నాడు.

"ఆషాఢంలోనే తెలిస్తే మరి సెప్పనేదేటి?"

"నువ్వడగనేదు."

"వారానికి రెండుసార్లు మా కొట్టుకొచ్చేవు గదా! మా అప్ప ముందే నిలబడ్డావు గదా!"

"వచ్చేను. ఆ బల్లమీద ఒక్కసారైనా కాలెట్టేనేటి? ముప్పయ్యేళ్ళ బట్టీ కర్రలు ఇంటన్న మనిసి పక్క బల్ల మీంచి ఎందుకు దిగుతన్నాడో నీకు తెలవాల. సూసేవు. సూసి, కుళ్ళుకుంటన్నాడనుకున్నావు. అవునా, కాదా?"

ఆయన దగ్గరికొచ్చి వేలి కణుపుతో నా రొమ్ము మీద మూడుసార్లు కొట్టాడు. చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పనివాళ్ళు రంపాలాపి చూస్తున్నారు.

"బోలు" అన్నాడు.

ఆయన్ని చంపేద్దామనిపించింది. చంపలేదు, ఆయన దగ్గరికే వెళ్ళి కూర్చోవడం మొదలెట్టాను. ప్రేమతో కాదు, భక్తితో అసలే కాదు. నా నోటితో నేను ఒక కర్ర ఎంచాలి, దాన్ని ఆయన నోటితో పనికొస్తాదనిపించాలి, అప్పుడు గాని నాకు నిద్రపట్టదు. నాలుగైదేళ్ళు ముక్కలు జైలుకి పంపాను, గడువు రోజున వెళ్ళి నిలబడి అడిగాను. కొట్టి వినడం నేర్చుకున్నాను. మా కొట్టు ముందుకి గెడ్డ ఒడ్డు మద్ది ఎంచి, ముక్కని రెండు వానాకాలాలు రేకుల మీద ఉంచాను. అది గంటలా పలికింది. "సూద్దాం" అన్నాడు మేస్త్రి. నేను ఎంచినవన్నిటికీ ఆయన చెప్పింది ఆ ఒక్క మాటే. ఆయన ఎంచనివాటిని బాగున్నాయనడం ఆయన వల్ల కాదు. ఆ మద్దినే తీసుకెళ్ళి మా కొట్టు ముందు వేయించుకున్నాను.

ఆ తర్వాత ఆయన చెవులు పోయాయి. ఊళ్ళో ఎవరూ గమనించలేదు గాని నేను గమనించాను. కర్రని కొట్టి చెవికి ఆనించుకునేవాడు, కానీ కళ్ళు మూసుకోవడం మానేసి ఎదుటివాళ్ళ ముఖాలు చూసేవాడు. కర్ర తెచ్చినవాడి ముఖంలో బెదురుంటే బోలు అనేవాడు. ఆయన భార్య కూడా గమనించింది. ఆవిడ ఏ మాటైనా ఆయన వెనక నిలబడి చెప్పడం మొదలెట్టింది. చెప్పి, జవాబు కోసం ఆగి, "పలకవేటి? సెవుడా?" అని గట్టిగా అనేది. పనివాళ్ళు తలలు దించుకునేవారు. నేను దించుకోలేదు, చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆయన షెడ్డు ముందు కూడా కాలవుంది. దాని మీద ముప్పయ్యేళ్ళ కింద ఆయనే వేసిన వెడల్పాటి మద్దిబల్ల. రోజంతా దాని మీదే కూర్చునేవాడు. పొద్దున్నే ఒకసారి కొట్టి, విన్నట్టు తల ఆడించి కూర్చునేవాడు. ఒకరోజు పక్కన కూర్చుని మాట్లాడుతూ నేను అలవాటుగా ఆ బల్ల మీద వేలితో కొట్టాను. ఆయన కూర్చునే మూలే. కుండలా పలికింది. ఇంకోసారి కొట్టాను, అదే పలుకు. పైనుంచి చూస్తే బల్ల నిగనిగలాడుతోంది, లోపల చెద తిన్నదో తేమ తిన్నదో గాని పైపొర తప్ప ఏమీ మిగల్లేదు.

తలెత్తితే ఆయన నా ముఖమే చూస్తున్నాడు. కళ్ళు శుభ్రంగా కనిపించేవి ఆయనకి. నా ముఖంలో ఏముందో చదివే ఉంటాడు. "ఏటి?" అని ఒక్క మాట అంటే చాలు, ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకున్నాను. కానీ అడగడమంటే తనకి వినపడ్డం లేదని ఒప్పుకోవడమే. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

"టీ తాగుతావా?" అన్నాడు.

టీ తాగాను. లేచి, ఆ బల్ల మీంచి దిగకుండా, షెడ్డు గోడవారగా నడిచి, పక్కనున్న సైకిలు షాపు బల్ల మీంచి రోడ్డెక్కాను. రోడ్డు మీదికెళ్ళాక వెనక్కి తిరిగి చూశాను. ఆయన నేను దిగిన చోటు చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కొంచెం జరిగి, సరిగ్గా అదే మూల, మఠం వేసుకుని స్థిరంగా కూర్చున్నాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు అలాగే కూర్చున్నాడు. నేను రోజూ వెళ్ళాను, రోజూ సైకిలు షాపు బల్ల మీంచే ఎక్కాను, దిగాను. ఇద్దరం చెరకు రేటు గురించి మాట్లాడుకున్నాం, రైవాడ డ్యాము నీళ్ళ గురించి మాట్లాడుకున్నాం. పదో రోజు ఆయన బల్లతో సహా కాలవలో పడ్డాడు. తుంటి విరిగింది. ఆ వయసులో అది అతికే ఎముక కాదు.

చూడ్డానికి వెళ్ళాను. నులకమంచం మీద చిన్న పోగులా ఉన్నాడు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. వంగాను. చెయ్యెత్తి వేలి కణుపుతో నా రొమ్ము మీద మూడుసార్లు కొట్టాడు. వినపడని చెవిని అక్కడే ఆనించి, చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"పనికొస్తావు" అన్నాడు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. ఆ మాట కోసం ఎన్నేళ్ళు ఆ షెడ్డు చుట్టూ తిరిగానో నాకే తెలుసు. నెల తిరక్కుండా ఆయన పోయాడు. దహనానికి మద్ది దుంగలు నేనే ఎంచి పంపాను.

ఆ రోజు సాయంత్రం కొట్లో కూర్చుని అప్పకి అంతా చెప్పాను. కాస్త గొప్పగానే చెప్పాను, ఎంతయినా ఆవిడ కాలికి బదులు తీర్చుకున్నానని కూడా మనసులో ఉంది. అప్ప మిషను ఆపింది. కరెంటుంది, అయినా ఆపింది.

"ఆ బల్ల పోయిందని నీకు ముందే తెలుసురా?"

"కొడితే తెలిసింది."

"మరి సెప్పనేకపోయావా?"

"ఆయన అడగనేదు గదే అప్పా."

అప్ప నా వైపు చూసింది. కోపం లేదు ఆ ముఖంలో, ఉంటే బాగుండేది. కత్తెర సొరుగులో పెట్టి, మిషను మీద గుడ్డ కప్పి లేచింది. మా బల్ల అంచు దాకా వచ్చి ఆగింది. నేను ఎంచిన మద్ది అది, రెండు వానాకాలాలు శిక్ష అనుభవించి వచ్చిన కర్ర, బండెక్కినా కదలదు. అప్ప దాని మీద కాలు పెట్టలేదు. వంగని కాలు ఈడ్చుకుంటూ అరుగంతా నడిచి, ఎరువుల కొట్టు బల్ల మీంచి దిగి ఇంటికెళ్ళింది. మర్నాడు పొద్దున్న కూడా ఆ బల్ల మీంచే వచ్చింది.